ఒక్కరు కాదంటే చాలు: ఐరోపా భద్రతా సహకార సంస్థలో ఏకాభిప్రాయ నియమం, సంస్కరణ యత్నాలు

పరిచయం

ప్రచ్ఛన్న యుద్ధానికి సంబంధించిన పాఠాలలో మీరు నాటో గురించి, వార్సా ఒడంబడిక గురించి చదివారు. అవి రెండూ సైనిక కూటములు. ఒక కూటమిలోని దేశాలు రెండో కూటమిని శత్రువుగా భావించి తమను తాము కాపాడుకోవడానికి ఏర్పరచుకున్నవి. ఈ పాఠంలో మనం పరిశీలించబోయేది వేరే తరహా సంస్థ. ఇందులో శత్రువులు ఇద్దరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరిపై ఒకరు యుద్ధం చేస్తున్నప్పుడు కూడా కూర్చుంటారు.

దాని పేరు ఐరోపా భద్రతా సహకార సంస్థ. వార్తాపత్రికలలో ఓఎస్‌సీఈ అనే పొడి అక్షరాలతో కనిపిస్తుంది. అమెరికా, కెనడాల నుంచి రష్యా, మధ్య ఆసియా దేశాలు, మంగోలియా వరకు 57 రాజ్యాలు ఇందులో ఉన్నాయి. దీనికి సైన్యం లేదు. ఆంక్షలు విధించే అధికారం లేదు. ఆశ్చర్యమనిపించినా, దీన్ని స్థాపించిన ఒడంబడిక అంటూ ఒకటి లేదు. అందుకే ఇందులోని దేశాలను 'సభ్య రాజ్యాలు' అనరు, 'పాల్గొనే రాజ్యాలు' అంటారు. ఈ రాజ్యాల రాయబారులు వియన్నాలోని హోఫ్‌బర్గ్ రాజప్రాసాదంలో శాశ్వత మండలిగా ప్రతి వారం, సాధారణంగా గురువారం నాడు, సమావేశమవుతారు.

ఈ సంస్థ నిర్ణయాలన్నీ ఏకాభిప్రాయంతో జరగాలి. 57లో ఒక్క రాజ్యం కాదన్నా నిర్ణయం ఉండదు. ఈ నియమాన్ని మార్చాలని దశాబ్దాలుగా నివేదికలు వస్తూనే ఉన్నాయి. కాని నియమాన్ని మార్చడానికి కూడా ఏకాభిప్రాయమే కావాలి. మరి ఈ సంస్థలో సంస్కరణ అన్నది అసలు జరగలేదా? జరిగింది. ఎప్పుడు, ఏ దారిలో జరిగిందో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం. చదువుతున్నప్పుడు ఒక విషయం గమనించండి: ఇక్కడ నియమాన్ని ఎదురుగా ఢీకొన్న సంస్కరణ ఏదీ నెగ్గలేదు. అడ్డుపడేవాడు లేని అరుదైన ఘడియలో నియమం పక్కన ఒక చిన్న తలుపు పెట్టుకోగలిగిన సంస్కరణలే నిలిచాయి.

డిపోలీలో రాసుకున్న నియమం

1972 నవంబరు 22న ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి పక్కనే ఉన్న ఎస్పూ పట్టణంలో, డిపోలీ అనే భవనంలో, రాయబారుల సన్నాహక చర్చలు మొదలయ్యాయి. 1973 జూన్ వరకు సాగాయి. ఐరోపా భద్రతపై ఒక మహాసభ జరపాలి, దానికి నియమాలు ఏమిటి అన్నదే చర్చ.

ఇక్కడ రుమేనియా పాత్రను పాఠ్యగ్రంథాలు తరచుగా విస్మరిస్తాయి. రుమేనియా వార్సా ఒడంబడికలో సభ్యదేశమే. అయినా మాస్కో తన తరఫున మాట్లాడటం దానికి ఇష్టం లేదు. ప్రతి దేశమూ సార్వభౌమ రాజ్యంగా, సమాన హోదాతో, సైనిక కూటములతో నిమిత్తం లేకుండా పాల్గొనాలని అది పట్టుబట్టింది. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, యుగోస్లావియా, ఫిన్లాండ్ వంటి తటస్థ, అలీన దేశాలకు కూడా కావలసింది అదే. లెక్క వేసి ఓటు పెడితే రెండు కూటముల నడుమ చిన్న దేశాలు నలిగిపోతాయి. అందువల్ల ఓటింగు వద్దనుకున్నారు. ఒక ప్రతినిధి తన అభ్యంతరం నిర్ణయానికి ఆటంకమని ప్రకటించకపోతే ఏకాభిప్రాయం ఉన్నట్టే అని నిర్వచించుకున్నారు.

ఈ నిర్వచనాన్ని జాగ్రత్తగా చదవండి. అందరూ 'అవును' అనాలని ఇందులో లేదు. ఎవరూ 'కాదు' అనకపోతే చాలు. మన గ్రామ పంచాయతీ ఎన్నికలలో 'ఏకగ్రీవం' అనే మాట మీరు వినే ఉంటారు. సర్పంచ్ పదవికి మిగతావారంతా నామినేషన్లు వెనక్కి తీసుకుంటే మిగిలిన ఒక్కరూ ఎన్నికైనట్టే. అక్కడ ఎవరూ ఓటు వేసి ఒప్పుకోలేదు, కాదని బరిలో మిగిలినవారూ లేరు. ఉపసంహరణ గడువుకు ముందు రాత్రి ఊళ్లో ఎన్ని మంతనాలు జరుగుతాయో మీకు తెలిసిందే. బహుపాక్షిక దౌత్యంలోనూ అసలు పని సభలో కాక ఆ ముందు రాత్రే జరుగుతుంది. మౌనం అర్ధాంగీకారం అని మనం అంటాం. ఓఎస్‌సీఈలో మౌనమే పూర్తి అంగీకారం. ముసాయిదాను అందరికీ పంపి, ఫలానా గంటలోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆమోదం పొందినట్టే అనే 'మౌన పద్ధతి' కూడా అక్కడ వాడుకలో ఉంది. ఒక ప్రభుత్వం తన ప్రజల ముందు బహిరంగంగా సమర్థించలేని విషయాన్ని కూడా మౌనంగా సాగనివ్వగలదు. ఈ నియమంలోని బలం అక్కడే ఉంది.

మాల్టా మొండిపట్టు

జెనీవాలో 1973 సెప్టెంబరు నుంచి 1975 జులై వరకు, దాదాపు రెండేళ్లు, 35 దేశాల ప్రతినిధులు వాక్యం వాక్యంగా తుది పత్రాన్ని రాశారు. సరిహద్దులను బలప్రయోగంతో మార్చరాదన్న సూత్రం సోవియట్ యూనియన్‌కు ముఖ్యం. మానవ హక్కులు, కుటుంబాల కలయిక, సమాచార స్వేచ్ఛ పశ్చిమ దేశాలకు ముఖ్యం. శాంతియుతంగా, పరస్పర ఒప్పందంతో సరిహద్దులు మారే అవకాశాన్ని పత్రంలో ఉంచడం పశ్చిమ జర్మనీకి ప్రాణసమానం.

పెద్దలందరూ ఒక కొలిక్కి వచ్చాక, చివరి వారాలలో, మాల్టా అడ్డం తిరిగింది. స్వాతంత్ర్యం వచ్చి 11 ఏళ్లయినా నిండని, సుమారు మూడు లక్షల జనాభా గల ద్వీపం అది. ప్రధాని డామ్ మింటాఫ్. మధ్యధరా సముద్రంలో అమెరికా, సోవియట్ నౌకాదళాలు తిరుగుతుండగా ఐరోపా భద్రత అంటే ఏమిటని ఆయన వాదన. ఆ ప్రాంతంలో సాయుధ బలగాలను తగ్గించే లక్ష్యాన్ని పత్రంలో రాయకపోతే శిఖరాగ్ర సమావేశం తేదీకి తాను ఒప్పుకోనన్నాడు. అమెరికా, సోవియట్ ప్రతినిధులు విసుక్కున్నారు. కాని నియమం నియమమే. చివరకు మధ్యధరా ప్రాంతంపై ఉన్న అధ్యాయంలో ఆ అర్థం వచ్చే మాటలు చేర్చాల్సి వచ్చింది.

1975 జులై 30 నుంచి ఆగస్టు 1 వరకు హెల్సింకిలోని ఫిన్లాండియా హాలులో శిఖరాగ్ర సమావేశం జరిగింది. దేశాల పేర్ల ఫ్రెంచి అక్షరక్రమంలో నేతలను కూర్చోబెట్టారు. దాంతో రెండు జర్మనీల నాయకులు హెల్ముట్ ష్మిట్, ఎరిక్ హోనెకర్ పక్కపక్కనే వచ్చారు. వారి పక్కన అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్. కూటముల వారీగా కూర్చోబెట్టి ఉంటే ఆ దృశ్యం ఉండేది కాదు.

తుది పత్రంలోని పది సూత్రాలు చట్టరీత్యా కట్టుబడి తీరవలసినవి కావు. సంతకం చేసినవారి మాట మీద నిలిచే రాజకీయ వాగ్దానాలు మాత్రమే. అయితే పత్రం పూర్తి పాఠాన్ని సోవియట్ పత్రికలు కూడా ప్రచురించాయి. 1976 మేలో యూరి ఓర్లోవ్ మాస్కో హెల్సింకి బృందాన్ని స్థాపించాడు. 1977 జనవరిలో చెకోస్లోవేకియాలో చార్టర్ 77 వెలువడింది. తమ ప్రభుత్వం సంతకం చేసిన కాగితాన్ని ప్రభుత్వానికే చూపించి ప్రశ్నించే వీలు పౌరులకు కలిగింది. పత్రంపై సంతకం చేసింది ఒక కూటమి మాత్రమే అయి ఉంటే ఈ వీలు ఉండేది కాదు. ఏకాభిప్రాయం వల్ల కాలయాపన జరుగుతుంది, భాష పలుచనవుతుంది, నిజమే. కాని ఆ తర్వాత 'అది మీ పత్రం, మాది కాదు' అని తప్పించుకునే దారి ఎవరికీ ఉండదు.

ఇక్కడ మన దక్షిణాసియాతో ఒక పోలిక చేయవచ్చు. 1985లో ఢాకాలో ఆమోదించిన సార్క్ చార్టరులో కూడా నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగా జరగాలని ఉంది. దాని వెంటనే, ద్వైపాక్షిక, వివాదాస్పద అంశాలను చర్చల నుంచి మినహాయించాలని కూడా ఉంది. హెల్సింకిలో నియమం దాదాపు ఇలాంటిదే. కాని వివాదాలను బయట పెట్టి తలుపు వేయలేదు. వివాదాలనే బల్ల మీద పెట్టారు.

ఆలోచించండి: 1975లో ఓటింగు పద్ధతి ఉండి, మాల్టా ఓడిపోయి ఉంటే తుది పత్రానికి ఏ లాభం, ఏ నష్టం కలిగేది? మీ సమాధానాన్ని అయిదారు వాక్యాలలో రాసి పెట్టుకోండి. పాఠం చివరలో దాన్ని మళ్లీ చదవవలసి వస్తుంది.

ఆపిన గడియారం

1975 తర్వాత బెల్‌గ్రేడ్, మాడ్రిడ్, వియన్నా నగరాలలో సమీక్షా సమావేశాలు జరిగాయి. మాడ్రిడ్ సమావేశం 1980 నవంబరులో మొదలై 1983 సెప్టెంబరు దాకా లాగింది. నడుమ పోలెండులో సైనిక పాలన వచ్చింది. ముగింపుకు కొద్ది రోజుల ముందే సోవియట్ యుద్ధ విమానం దక్షిణ కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చివేసింది. అక్కడ కూడా చివరి వారాలు మాల్టా కోసమే ఎదురుచూడాల్సి వచ్చింది. చివరకు మధ్యధరా ప్రాంతంపై ఒక సదస్సుతో అది సరిపెట్టుకుంది.

స్టాక్‌హోమ్‌లో 1986లో జరిగినది మరింత తెలుసుకోదగినది. సైనిక విన్యాసాల గురించి ముందుగా ఒకరికొకరు తెలియజేసుకోవాలన్న చర్చ అది. సెప్టెంబరు 19తో గడువు ముగుస్తుంది. గడువు పొడిగించాలంటే మళ్లీ ఏకాభిప్రాయం కావాలి, దానితోపాటు కొత్త బేరసారాలు కూడా. అందువల్ల 19వ తేదీ రాత్రి సభామందిరంలోని గడియారాన్ని ఆపేశారు! అధికారికంగా ఇంకా 19వ తేదీయే. ఆ 'తేదీ'లోనే మరో రెండు మూడు రోజులు చర్చించి ఒప్పందానికి వచ్చారు. పత్రం మీద ఉన్న తేదీ సెప్టెంబరు 19.

ఇది నవ్వు తెప్పించే సంగతే. కాని అది ఇచ్చిన ఫలితం చిన్నది కాదు. 13,000 మంది సైనికులు లేదా 300 ట్యాంకులు పాల్గొనే విన్యాసాల గురించి 42 రోజుల ముందే తెలపాలని ఒప్పుకున్నారు. అనుమానం వస్తే మరో దేశపు గడ్డ మీదకే వెళ్లి తనిఖీ చేసే హక్కు కూడా ఏర్పడింది. సోవియట్ యూనియన్ తన భూభాగంలో ఇలాంటి తనిఖీకి ఒప్పుకోవడం అదే మొదటిసారి. నియమాన్ని ఉల్లంఘించకుండా దాని పక్కనుంచి నడవడం ఎలాగో ఆ గడియారం చూపించింది.

తలుపులు తెరుచుకున్న రెండేళ్లు

1990 నవంబరులో పారిస్ శిఖరాగ్ర సమావేశం జరిగేనాటికి బెర్లిన్ గోడ కూలి ఏడాది గడిచింది. అంతవరకు ఇది ఊరూరా తిరిగే మహాసభే తప్ప సంస్థ కాదు. పారిస్‌లో దానికి మొదటిసారి స్థిరమైన అంగాలు ఏర్పడ్డాయి: ప్రాగ్‌లో సచివాలయం, వియన్నాలో సంఘర్షణల నివారణ కేంద్రం, వార్సాలో స్వేచ్ఛాయుత ఎన్నికల కార్యాలయం. ఈ చివరిదే తర్వాత ప్రజాస్వామ్య సంస్థల, మానవ హక్కుల కార్యాలయంగా విస్తరించింది.

1991 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మాస్కోలో సమావేశం జరిగింది. ఆగస్టు కుట్ర విఫలమై కొన్ని వారాలే అయింది. మానవ హక్కులు ఏ దేశానికీ పూర్తిగా సొంత వ్యవహారం కావని, అందరికీ వాటిపై అడిగే హక్కు ఉందని అక్కడ అంగీకరించారు. దానికి తోడు ఒక యంత్రాంగాన్ని నెలకొల్పారు. తీవ్ర పరిస్థితిలో ఒక రాజ్యం మరో తొమ్మిది రాజ్యాల మద్దతు కూడగడితే, ఏకాభిప్రాయం లేకుండానే, ఆరోపణకు గురైన దేశం ఒప్పుకోకపోయినా నిపుణులను నియమించి నివేదిక తెప్పించవచ్చు. దీన్ని 'మాస్కో యంత్రాంగం' అంటారు. ఈ పేరును గుర్తుంచుకోండి. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ పేరే విచిత్రంగా వినిపిస్తుంది.

1992 జనవరిలో ప్రాగ్‌లో మంత్రుల మండలి మరో అడుగు వేసింది. ఒక రాజ్యం తన వాగ్దానాలను స్పష్టంగా, ఘోరంగా ఉల్లంఘిస్తూ సరిదిద్దుకోకపోతే, ఆ రాజ్యం సమ్మతి లేకుండానే చర్య తీసుకోవచ్చని నిర్ణయించింది. దీన్ని 'ఒకరు మినహా ఏకాభిప్రాయం' అంటారు. ఆ చర్యలు రాజకీయమైనవై ఉండాలి, ఆ రాజ్య భూభాగానికి వెలుపల జరగాలి. అదే సంవత్సరం జులైలో, బోస్నియా యుద్ధం నేపథ్యంలో, సెర్బియా, మాంటెనెగ్రోలతో మిగిలిన యుగోస్లావియాను ఈ నియమం కింద సస్పెండ్ చేశారు. తిరిగి చేర్చుకున్నది మిలోషెవిచ్ పతనం తర్వాత, 2000 నవంబరులో.

ఇది విజయమేనా? తొందరపడి జవాబు చెప్పకండి. 1992 శరదృతువులో కొసొవో, సాంజాక్, వోయివోదినా ప్రాంతాలకు పరిశీలక బృందాలు వెళ్లాయి. మైనారిటీలపై జరిగే వేధింపులను బయటి ప్రపంచానికి తెలిపే కళ్లు అవే. 1993 వేసవిలో వాటి గడువు ముగిసినప్పుడు బెల్‌గ్రేడ్ ఒక షరతు పెట్టింది. సంస్థలో తమ స్థానం తమకు తిరిగి ఇవ్వకపోతే ఆ బృందాలను ఉండనివ్వమంది. బృందాలు వెళ్లిపోయాయి. పునరాలోచించమని ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ఆగస్టులో తీర్మానం చేసినా ఫలితం లేదు. దోషిని గదిలోంచి బయటకు పంపాక, అతని ఇంట్లో ఏం జరుగుతోందో చూసే వీలు కూడా పోయింది. 1998-99లో కొసొవోలో ఏం జరిగిందో మీరు బాల్కన్ పాఠంలో చదివారు. ఆ బృందాలు ఉండి ఉంటే యుద్ధం ఆగేదని చెప్పలేం. కాని ఈ అనుభవం వియన్నా దౌత్యవేత్తలకు గుర్తుండిపోయింది. 'ఒకరు మినహా' నియమంతో ఏ రాజ్యాన్నీ మళ్లీ సస్పెండ్ చేయలేదు.

పేరు మారింది

1994 డిసెంబరులో బుడాపెస్ట్ శిఖరాగ్ర సమావేశం మహాసభను 'సంస్థ'గా మార్చింది. 1995 జనవరి 1 నుంచి కొత్త పేరు అమలులోకి వచ్చింది. బోస్నియాలో నెత్తురు పారుతున్నా, ఆ యుద్ధంపై ఉమ్మడి ప్రకటన చేయడానికి అదే సమావేశంలో ఏకాభిప్రాయం కుదరలేదు.

పేరు మారింది కాని చట్టబద్ధమైన వ్యక్తిత్వం రాలేదు. చట్ట వ్యక్తిత్వం అంటే, ఒక సంస్థ తన పేరు మీద ఒప్పందాలు చేసుకోగలగడం, దాని ఉద్యోగులకు అంతర్జాతీయ రక్షణలు వర్తించడం. దీనికోసం ఒక ఒప్పందం ముసాయిదా 2007లో సిద్ధమైంది. ముందు సంస్థకు వ్యవస్థాపక చార్టరు ఉండాలని రష్యా అంది. చట్టరీత్యా బంధించే చార్టరుకు అమెరికా సుముఖంగా లేదు. ముసాయిదా అలాగే ఉండిపోయింది. ఇది న్యాయవాదుల తగువులా కనిపిస్తుంది. దాని మూల్యం ఎవరు చెల్లించారో కాసేపట్లో చూస్తాం.

నివేదికల దశాబ్దం

1999 ఇస్తాంబుల్ సమావేశం తర్వాత ఉత్సాహం తగ్గింది. ఎన్నికల పరిశీలన, మానవ హక్కుల మిషన్లు అన్నీ వియన్నాకు తూర్పుననే ఎందుకని రష్యా, దానితోపాటు పలు పూర్వ సోవియట్ రాజ్యాలు 2004లో బహిరంగంగా ఆక్షేపించాయి. ఈ ఆక్షేపణలో స్వార్థం ఉంది. అయినా అది పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు. అప్పటి మిషన్ల పటం తీసి చూస్తే అన్నీ తూర్పు వైపు, బాల్కన్లలోనే కనిపిస్తాయి.

2005లో ఏడుగురు ప్రముఖుల సంఘం సంస్కరణ నివేదిక ఇచ్చింది. 2006లో విధాన నియమావళిని ఒకచోట కూర్చారు. కనీసం సిబ్బంది, బడ్జెట్, పాలనా విషయాలలోనైనా ఏకాభిప్రాయాన్ని సడలించాలని సంస్థ పార్లమెంటరీ అసెంబ్లీ పలుమార్లు కోరింది. 2008 ఆగస్టులో జార్జియా యుద్ధం జరిగింది. ఆ ఏడాది చివర జార్జియాలోని మిషన్ గడువు పొడిగింపునకు రష్యా ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది మిషన్ మూతపడింది. 2009లో గ్రీసు ద్వీపం కోర్ఫూలో కొత్త సంప్రదింపులు మొదలయ్యాయి. 2010 డిసెంబరులో ఆస్తానాలో శిఖరాగ్ర సమావేశం జరిగింది. పాత వాగ్దానాలను పునరుద్ఘాటించే ప్రకటన వచ్చింది. చేయవలసిన పనుల ప్రణాళిక మాత్రం కుదరలేదు.

ఈ కాలమంతటిపై వచ్చిన కాగితాలను చదివితే ఒకటి అర్థమవుతుంది. అడ్డుపడేది రష్యా ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లోని కార్యాలయం 2017లో మూతపడింది అజర్‌బైజాన్ అభ్యంతరం వల్ల. 2020 జులైలో సంస్థ నాలుగు అత్యున్నత పదవులు ఒకేసారి ఖాళీ అయ్యాయి. అందులో అజర్‌బైజాన్, తజికిస్తాన్, టర్కీల అభ్యంతరాలు ప్రధానం. వీటో ఒక్క పెద్ద రాజ్యానిది కాదు, అందరిదీ. అందువల్లే దాన్ని వదులుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు.

యుక్రెయిన్: ఒకే వాక్యం, రెండు అర్థాలు

2014 ఫిబ్రవరి, మార్చి నెలలలో రష్యా క్రిమియాను ఆక్రమించి తనలో కలుపుకుంది. ఆ మార్చి 21వ తేదీ సాయంత్రం వియన్నాలో శాశ్వత మండలి యుక్రెయిన్‌కు ప్రత్యేక పరిశీలక మిషన్‌ను పంపాలని నిర్ణయించింది. రష్యా కూడా అడ్డుచెప్పలేదు. మొదట 100 మంది నిరాయుధ పౌర పరిశీలకులు, అవసరమైతే మరో 400 మంది. ఆరు నెలల గడువు.

ఇది ఎలా సాధ్యమైంది? నిర్ణయంలో క్రిమియా పేరు లేదు. యుక్రెయిన్ అంతటా అని ఉంది. క్రిమియా యుక్రెయిన్‌లోనిదే కాబట్టి అదీ కలిసిందని అమెరికా తదితర దేశాలు నమోదు చేయించాయి. క్రిమియా ఇప్పుడు తనదే కాబట్టి అది కలవదని రష్యా నమోదు చేయించింది. నిర్ణయానికి ఇలా వివరణ ప్రకటనలు జతపరచడానికి నియమావళి అనుమతిస్తుంది. పరిశీలకులు క్రిమియాలో అడుగుపెట్టలేకపోయారు. కాని డాన్‌బాస్‌లో ఎనిమిదేళ్లు పనిచేశారు. ఏ ఊరి మీద ఎన్ని పేలుళ్లు జరిగాయో లెక్కించారు. నీటి పైపులు, విద్యుత్ లైన్లు బాగుచేసేవారి కోసం కాసేపు కాల్పులు ఆపించారు. నివేదికలను బహిరంగంగా ప్రచురించారు. 2017 ఏప్రిల్‌లో లుహాన్స్క్ ప్రాంతంలో ఒక గస్తీ వాహనం పేలుడుకు గురై అందులోని వైద్య సహాయకుడు మరణించాడు. అస్పష్టమైన వాక్యాన్ని చూసి దౌత్యవేత్తలను వెక్కిరించడం సులువు. ఆ వాక్యం స్పష్టంగా ఉండి ఉంటే మిషన్ ఉండేది కాదు.

2022 ఫిబ్రవరి 24న రష్యా పూర్తిస్థాయి దాడి ప్రారంభించింది. మిషన్ గడువు మార్చి 31. పొడిగింపునకు రష్యా ఒప్పుకోలేదు. మిషన్ ముగిసింది. ఏప్రిల్‌లో దొనెత్స్క్, లుహాన్స్క్ ప్రాంతాలలో మిషన్‌కు చెందిన ముగ్గురు యుక్రెయిన్ ఉద్యోగులను నిర్బంధించారు. సెప్టెంబరులో లుహాన్స్క్‌లోని రష్యా అనుకూల అధికారుల న్యాయస్థానం వారిలో ఇద్దరికి 13 ఏళ్ల చొప్పున జైలుశిక్ష వేసింది. వారు చేసిన పని 57 రాజ్యాలూ, అంటే రష్యా కూడా, ఒప్పుకొని అప్పగించినదే. 2007 నాటి ముసాయిదా ఒప్పందమై ఉంటే వారిని కాపాడేదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాని వారి రక్షణ కోసం చూపించడానికి సంస్థ చేతిలో తన సొంత ఒప్పందం ఒక్కటీ లేదు.

రష్యాను సస్పెండ్ చేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. 'ఒకరు మినహా' నియమాన్ని మళ్లీ చదవండి. ఒక్కరినే మినహాయించవచ్చు. బెలారస్ రష్యా పక్షాన నిలిచినంత కాలం ఆ తలుపు తెరుచుకోదు. కాని 1991 నాటి మరో తలుపు తెరిచే ఉంది. 2022 మార్చిలో 45 రాజ్యాలు మాస్కో యంత్రాంగాన్ని ఆశ్రయించాయి, యుక్రెయిన్ నిపుణులను ఆహ్వానించింది. ముగ్గురు నిపుణులు ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చారు. యుద్ధ నియమాల ఉల్లంఘనలను అందులో నమోదు చేశారు. మాస్కో పేరున్న యంత్రాంగాన్ని మాస్కో ఆపలేకపోయింది.

డబ్బు విషయంలోనూ ఇదే పద్ధతి. 2021 తర్వాత ఉమ్మడి బడ్జెట్‌కు ఏకాభిప్రాయం కుదరలేదు. ఆ ఏడాది బడ్జెట్ సుమారు 13.8 కోట్ల యూరోలు. తర్వాతి సంవత్సరాలలో ధరలు పెరుగుతున్నా పాత అంకె ఆధారంగానే నెలవారీ కేటాయింపులతో నెట్టుకొస్తున్నారు. యుక్రెయిన్‌లో పనికి మాత్రం 2022 నవంబరులో ఒక సహాయ కార్యక్రమం మొదలుపెట్టారు. దానికి ఉమ్మడి బడ్జెట్ నుంచి ఒక్క యూరో రాదు. ఇష్టమున్న రాజ్యాల విరాళాలతోనే నడుస్తుంది. కాబట్టి దాన్ని ఆపే వీటో ఎవరి చేతిలోనూ లేదు. ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. దాతలే దారి నిర్ణయిస్తే, 1972లో రుమేనియా పట్టుబట్టిన సమానత్వం మెల్లగా కరిగిపోతుంది.

మళ్లీ మాల్టా

సంస్థకు ప్రతి ఏడాది ఒక దేశం అధ్యక్షత వహిస్తుంది. అధ్యక్షుడు ఆ దేశ విదేశాంగ మంత్రి. అధ్యక్ష దేశం లేకుంటే సమావేశాలకు పిలుపు ఇచ్చేవారే ఉండరు. 2024కు ఎస్టోనియా ముందుకు వచ్చింది. నాటో సభ్యదేశమని రష్యా ఒప్పుకోలేదు. 2023 నవంబరు చివరికి, కొత్త ఏడాదికి నెల రోజుల దూరంలో, అధ్యక్ష స్థానం ఖాళీగానే ఉంది.

స్కోప్యేలో మంత్రుల సమావేశం జరిగింది. రష్యా విదేశాంగ మంత్రి లవ్రోవ్ హాజరవుతున్నాడని యుక్రెయిన్, బాల్టిక్ దేశాల మంత్రులు రాలేదు. అయినా అడ్డు చెప్పలేదు. ఐరోపా సమాఖ్యలో ఉండి నాటోలో లేని ఒక చిన్న దేశం పేరు ముందుకు వచ్చింది. అందరూ మౌనం వహించారు. ఆ దేశం మాల్టా. 1975లో, 1983లో అందరినీ ఆపి కూర్చోబెట్టిన ఆ ద్వీపమే.

2024 సెప్టెంబరులో నాలుగు ఉన్నత పదవులు మళ్లీ ఖాళీ అయ్యాయి. డిసెంబరులో మాల్టాలోనే జరిగిన మంత్రుల సమావేశంలో నాలుగింటికీ కలిపి ఒకే మూటగా పేర్లు కుదిరాయి. ప్రధాన కార్యదర్శి పదవి టర్కీకి చెందిన ఫెరిదూన్ సినిర్లియోలుకు దక్కింది. మిగతా మూడు పదవులు గ్రీసు, నెదర్లాండ్స్, నార్వే దేశాల వారికి. ఒక్కొక్కటిగా అడిగితే ఏదో ఒకటి ఎవరో ఒకరు ఆపేవారు. నాలుగూ కలిపితే అందరికీ ఎంతో కొంత దక్కింది.

2025లో అధ్యక్షత ఫిన్లాండ్‌ది. యుద్ధానికి కొద్ది నెలల ముందు, 2021 డిసెంబరులోనే అది ఖరారై ఉండటం వల్ల ఎవరూ ఆపలేకపోయారు. ఆ లోపల ఫిన్లాండ్ తటస్థతను విడిచి 2023 ఏప్రిల్‌లో నాటోలో చేరింది. 2025 జులై 31న, తుది పత్రానికి యాభై ఏళ్లు నిండుతున్న సందర్భంగా, అదే ఫిన్లాండియా హాలులో సమావేశం జరిగింది. ఆ రోజుకు యుద్ధం నాలుగో ఏట సాగుతోంది. బడ్జెట్‌కు ఏకాభిప్రాయం లేదు. రష్యా పేరు మాత్రం పాల్గొనే రాజ్యాల జాబితాలోనే ఉంది.

అభ్యాసం: మాల్టా గురించి మీరు ముందు రాసి పెట్టుకున్న సమాధానాన్ని ఇప్పుడు మళ్లీ చదవండి. 2022 మార్చి 31న మీరు శాశ్వత మండలిలో ఒక చిన్న తటస్థ దేశం ప్రతినిధిగా ఉన్నారనుకొని, ఏకాభిప్రాయ నియమాన్ని తొలగించాలన్న ప్రతిపాదన వస్తే మీరు మౌనంగా ఉంటారా, అభ్యంతరం చెబుతారా, కారణాలతో ఒక పేజీకి మించకుండా రాయండి.